ఓబుళప్ప చెప్పిన అరవ బొమ్మ

మా ధర్మవరం వీధిలో సగానికి సగం మంది సినిమా డేరా లోపల కాలు పెట్టినవాళ్ళు కారు. అయినా ఏ అరవ బొమ్మలో ఏ రాజు ఏ రాణిని అడవుల పాలు చేశాడో, ఏ మారుతల్లి ఏ పాలల్లో విషం కలిపిందో అడగండి, చిన్నా పెద్దా అందరూ గడగడా చెబుతారు. అదంతా ఓబుళప్ప చలవ.

ఓబుళప్ప పడుగు అతికే మనిషి. మగ్గం మీద ఒక పడుగు, అంటే చీర నిలువు పోగులు, అయిపోవచ్చిందంటే ఆయన్ను పిలవాలి. పన్నె అని ఒకటుంటుంది, సన్నటి దువ్వెన లాంటిది, పోగులన్నీ దాని పళ్ళ సందుల్లోంచే వస్తాయి. పాత పడుగు కొసల్ని ఆ పన్నెకు వెనకాల అట్లాగే ఉంచి, కొత్త పడుగు కొసలు పక్కకు తెచ్చి, పాత పోగొకటి కొత్త పోగొకటి కలిపి, వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని మెలిపెడతాడు. ముడి వేయడు. ఆ మెలికే అతుకు. వేలకు వేల పోగులు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే పని. చేతులకు తీరిక లేదు, కళ్ళకు తీరిక లేదు, నోరొక్కటే ఖాళీ. ఆ ఖాళీ నోట్లోకి సినిమా వచ్చి కూర్చుంది.

వయసులో ఉండగా ఆయన కంచికి పనికి పోయి, కొన్నేళ్ళు అక్కడి మగ్గాల మధ్య తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు అరవం తెచ్చుకున్నాడు. ఎంత తెచ్చుకున్నాడో మాకు తెలియదు, కొలిచేవాళ్ళు మాలో ఎవరూ లేరు గనక. తెలుగు బొమ్మలు మా వైపు అరుదు. మద్రాసు నుంచి ఏ డబ్బా దిగితే హిందూపురం డేరాలో అదే ఆట. కొత్త బొమ్మ దిగిందని బెల్లం వ్యాపారులు రైల్లో చెప్పుకుంటే చాలు, ఓబుళప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు.

"యాడికి పోతాండావు ఓబుళప్పా?" అంటాను నేను, తెలిసి తెలిసీ.

"హిందూపురం. చింతపండు తెచ్చేదుండాది."

"చింతపండు ఈడ దొరకదా?"

"ఆడిది పులుపు వేరే కదా సుబ్బలక్ష్మక్కా."

ఆ పులుపు సంగతి ఆయన భార్య మునెమ్మకు బాగా తెలుసు. ఆయన చెప్పే సినిమా ఒక్కటీ వినదు. "నిద్రలో అన్నీ చెప్తాడమ్మా. మళ్ళా పగలు కూడా వినాల్నా?" అంటుంది.

మర్నాడు పొద్దున ఓబుళప్ప ఏ ఇంట్లో పడుగు ముందు కూర్చున్నాడో కనుక్కుని, చెరగాల్సిన బియ్యం చేటలో పోసుకుని ఆడవాళ్ళందరం అక్కడ చేరతాం. ఆయన మొదలుపెట్టేది ఎప్పుడూ ఒకే మాటతో. "చీకటి. ఆ చీకట్లో ఒక వెలుగు." అంతే, మా ఇంటి కప్పులూ గోడలూ ఎక్కడికి పోతాయో. కొత్త పడుగు ఇంటి ఆ కొస నుంచి ఈ కొస దాకా పరిచి ఉంటుంది. గవాక్షంలోంచి ఎండ దాని మీద పడుతుంది. ఆ పట్టుపోగుల మీదే మాకు నదులు కనబడేవి, గుర్రాలు కనబడేవి, అరవదేశపు గోపురాలు కనబడేవి.

ఆయనకు రెండు నియమాలు. పడుగు అతికేటప్పుడు ఇంట్లో ఎవరూ తగవులాడకూడదు. తగవు విన్న వేలు తడబడుతుందట. రెండోది, అతుకులన్నీ అయి, వాటిని పన్నె దాటించి ఇవతలికి లాగేదాకా కథ ముగింపు చెప్పడు. ఎంత బతిమాలినా చెప్పడు. "కతకు ముడి ముందు పడితే, పడుగుకు అతుకు నిలబడదు" అంటాడు.

ఆ ముగింపులు ఎంత బాగుండేవని! ఏ బొమ్మయినా సరే, చివరికి తప్పిపోయినవాళ్ళు దొరికేవాళ్ళు, అలిగినవాళ్ళు తిరిగి వచ్చేవాళ్ళు. రైలు పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి, ఆ పెద్ద కొండ చీకట్లో ఏనుగు పడుకున్నట్టు కనబడేసరికి, బొమ్మంతా తనకు తేటపడుతుందని చెప్పేవాడు. మావాళ్ళు అది ఊరికే అనే మాట అనుకున్నారు. అది నిజమని నాకొక్కదానికే తెలుసు.

ఎట్లా తెలుసంటారా? ఒకసారి హిందూపురంలో మా చెల్లెలు ఉలిగమ్మ పురిటికి పోయాను. బిడ్డ నడక నేర్చేదాకా ఉండమంది, ఉన్నాను. ఒక సాయంకాలం ఇద్దరం డేరాకు పోయి నేల మీద కూర్చున్నాం. మగవాళ్ళ వైపు చూస్తే ఓబుళప్ప! గొంతుక్కూర్చుని, నోరు తెరిచి, చంటిబిడ్డలాగా చూస్తున్నాడు. తెర మీద రాణి ఇంకా చెరసాలలో ఏడుస్తూనే ఉంది. దూరంగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడింది. ధర్మవరం వచ్చే ప్యాసింజరు. ఓబుళప్ప లేచి, తెర వైపు చూస్తూ చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, తువ్వాలు సర్దుకుని పరుగు తీశాడు. పాపం, పోక ఏం చేస్తాడు? తెల్లారేసరికి ఎవరింట్లోనో పడుగు ముందు కూర్చోవాలి. అతికే మనిషి రాకపోతే మగ్గం పస్తు.

నేను చివరిదాకా చూశాను. రాణి చచ్చిపోయింది. ఊరికి వచ్చాక అడిగితే మా వీధిలో అందరూ ఆ రాణికి పట్టం కట్టారనీ, ఏనుగు పూలమాల వేసిందనీ చెప్పారు. నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళుగా మేము విన్న ముగింపులన్నీ హిందూపురం నుంచి వచ్చినవి కావు. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, కిటికీ పక్కన కూర్చుని, ఆ మనిషి నేసినవి. ఎవరింట్లో ఏ కూర మాడిందో వీధి చివరిదాకా చేరవేసే దాన్ని, ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే రాణి రెండోసారి చచ్చిపోతుంది కదా.

ఇక అసలు విషయం. యుద్ధం మొదలైన మరుసటి ఏడు, మా ఎదురింటి శంకరప్పకూ ఆయన కొడుకు గంగాధరకూ మాటలు పోయాయి. వాళ్ళ మగ్గం ఒక్కడు నేసేది కాదు. చీర ఒడలు ఒక రంగు, అంచు ఒక రంగు. అడ్డపోగు మోసే నాడెలు రెండు. ఒడలు నాడె తండ్రి వేస్తాడు, ఆ పక్క అంచు నాడె కొడుకు వేస్తాడు, రెండూ ఒకదాన్నొకటి లంకె వేసుకుని వెనక్కి మళ్ళాలి. ఇద్దరు లేకపోతే ఆ చీర లేదు.

ఒకరోజు అంగట్లో పదిమంది ముందు సావుకారు చీర విప్పి చూసి, "ఇదేంది శంకరప్పా, కుంకుమలోకి వంకాయ రంగు వచ్చిండాదే?" అన్నాడు. అవును, జానెడు మేర ఒడల్లో వేరే రంగు పడింది. శంకరప్ప నోరు తెరిచేలోగా గంగాధర అన్నాడు: "మా నాయనకు కండ్లు మసకలు సావుకారీ. ఇంక మీద రంగులు నేనే చూస్తా." వాడు తండ్రిని వెనకేసుకు వద్దామనే అన్నాడు. కానీ రంగు చూసి పోగు పేరు చెప్పగలడని పేరున్న మనిషి శంకరప్ప. ఆ రోజు ఇంటికి వచ్చి మగ్గం గుంతలో కూర్చున్నవాడు మళ్ళీ కొడుకుతో మాట్లాడలేదు. ఉన్న పడుగు ఇద్దరూ నోరు విప్పకుండానే నేశారు. నాడెలు మాత్రం ఒకదాన్నొకటి పలకరించుకునేవి.

"ఈ పడుగు అయినంక నేను కంచికి పోతా పెద్దమ్మా. ఆడ మగ్గం చూసిపెట్టినారు" అని గంగాధర నాతో అన్నాడు. వాడి తల్లి శారదమ్మ వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేది. కొడుకు పోతే ఆ మగ్గం మీద ఇంక చీర లేదు. అయినా శంకరప్ప మొండిగా, పడుగు అయిపోవచ్చిన రోజున, ఓబుళప్పకు కబురు పెట్టాడు. మగ్గం ఖాళీగా పెట్టకూడదట.

ఓబుళప్ప ఆ ముందు రోజే హిందూపురం పోయి వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టి, గుంత గట్టు మీద తండ్రినీ, అరుగు మీద కండెలు చుట్టుకుంటున్న కొడుకునూ చూసి, "ఈ పొద్దు పాత బొమ్మ ఏదన్నా చెప్తా లేమ్మా" అన్నాడు.

"పాతవి మాకొద్దు. నిన్న చూసింది చెప్పు" అన్నాను నేను. నా నోరు ఊరుకుంటుందా?

ఆయన నా వైపొక చూపు చూసి, బూడిద అద్దుకున్నాడు. "చీకటి. ఆ చీకట్లో ఒక వెలుగు. ఆ వెలుగులో వాన."

అది తండ్రీ కొడుకుల బొమ్మ. మద్రాసులో ఒక జట్కా తోలేవాడు, తల్లి లేని కొడుకును గుర్రపు మెడ మీద పెట్టుకుని పెంచాడు. ఆ గుర్రాన్ని అదిలించడానికి నాలుకతో ఒక చప్పుడు చేస్తాడు, ఆ చప్పుడు కొడుక్కి జోలపాట. కొడుకు చదివి గుమాస్తా అయ్యాడు. ఒకనాడు స్నేహితుల ముందు తండ్రి ఎదురైతే, "ఇతను మా బండివాడు" అన్నాడు. తండ్రి బండి తిప్పుకుని పోయాడు. ఆ రోజు నుంచి ఇంటికి రాలేదు. ఏళ్ళు గడిచాయి. కొడుక్కి దూరదేశం ఉద్యోగం వచ్చింది. స్టేషన్‌కు పోవాలి, జోరు వాన, దొరికిన జట్కా ఎక్కాడు. తోలేవాడు తల మీద గోనెపట్టా కప్పుకున్నాడు. మొహం కనబడదు.

ఓబుళప్ప గొంతు తగ్గింది. వేళ్ళు పోగుల మీద నడుస్తున్నాయి. "తండ్రికి గొంతు విన్నెంటనే తెలిసిపోయిండాది. గమ్మునుండాడు. కొంచెం దూరం పోయినాక గుర్రం మొరాయించింది. ముసిలోడు నాలుకతో ఆ చప్పుడు చేసినాడు. ఎనకాల కొడుకు ఉలిక్కిపడినాడు. వానికీ తెలిసిపోయిండాది. వాడూ గమ్మునుండాడు. వాన. చక్రాల చప్పుడు. లాంతరు ఊగతాండాది. ఇద్దరూ పోతాండారు."

ఇంటి నిండా పట్టు వానలాగా దిగుతున్నట్టు అనిపించింది నాకు. చేటలో బియ్యం చేటలోనే ఉన్నాయి. శారదమ్మ మెల్లగా, "స్టేషన్ శానా దూరమా?" అంది.

అప్పుడు, అందరూ ఉలిక్కిపడేటట్టు, శంకరప్ప మాట్లాడాడు. కొడుకుతో కాదు, ఓబుళప్పతో. "ఆ జట్కావాడు నోరు తెరవకూడదు. పదిమందిలో తక్కువ చేసినోణ్ణి తాను పిలిస్తే, ఇంక వాడు తండ్రేనా?"

అరుగు మీంచి గంగాధర, నాకు చెబుతున్నట్టుగా: "పెద్దమ్మా, ఆ గుమాస్తా చెప్పింది అబద్ధం. వాడు కాళ్ళు పట్టుకోవాల్సిందే. అదే నిజం చెప్పినోడయితే? నిజం చెప్పినోడు ఎందుకు ముందు మాట్లాడాల?"

"నిజమైతే మాత్రం యాడ చెప్పాలో తెలియద్దా ఓబుళప్పా?"

"చెప్పకపోతే ఇంకో చీర చెడిపోదా పెద్దమ్మా?"

"జట్కాలో చీర యాడిదిరా?" అన్నాను నేను. ఒకరిద్దరు నవ్వారు. తండ్రీ కొడుకులు నవ్వలేదు.

"తగవులాడితే వేలు తడబడతాది" అన్నాడు ఓబుళప్ప. నిజంగానే ఆయన చేతిలో ఒక పోగు తెగింది. అట్లా తెగడం నేను ఎన్నడూ చూడలేదు.

శంకరప్ప గట్టు మీద చెయ్యి కొట్టాడు. "సరేబ్బా. బొమ్మలో ఏమి జరిగిందో అదే. తండ్రి ముందు పిలిచింటే, నేనూ పిలుస్తా. కొడుకు పిలిచింటే, వాడే రావాల. ఇద్దరూ పిలవకపోయింటే, ఎవని దోవ వానిది."

"నాకు ఒప్పుదల" అన్నాడు గంగాధర, గోడకు చెబుతున్నట్టు.

శారదమ్మ ఓబుళప్ప వైపు చేతులు జోడించింది. ఆ ఇంట్లో అందరి కళ్ళూ ఆయన నోటి మీదే ఉన్నాయి, నా కళ్ళు మాత్రం ఆయన వేళ్ళ మీద ఉన్నాయి. అవి ఒక్కొక్క పోగు దగ్గర ఆగి ఆగి కదులుతున్నాయి. ముగింపు ఆయన దగ్గర లేదని నాకు తెలుసు. రాణులకు ఎన్ని పట్టాలు కట్టినా ఎవరికీ నష్టం లేదు. ఈ ముగింపు మీద ఒక ఇల్లు నిలబడాలి. కొడుకు ముందు పిలిచాడంటే గంగాధర మనసులో ఒక ముల్లు ఉండిపోతుంది, తండ్రి పిలిచాడంటే శంకరప్ప మనసులో. వచ్చేటప్పుడు పెనుకొండ కొండ కూడా ఆయనకు ఏమీ చెప్పలేదేమో.

ఎండ గోడెక్కింది. చివరి పోగు మెలిపెట్టి ఓబుళప్ప వేళ్ళు దులుపుకున్నాడు. "చెప్పు" అన్నాడు శంకరప్ప.

"అతుకులు పన్నె దాటనీ. నా పద్ధతి నీకు తెలీదా?"

అతుకులు దాటించడమంటే ఇద్దరి పని. ఒకడు ముందు కూర్చుని మెల్లగా లాగాలి, ఒకడు వెనక నిలబడి పడుగు వదులు చేస్తూ రావాలి. ఎక్కడైనా పోగు పట్టేస్తే అరిచి ఆపాలి. ఆపకపోతే పక్కనున్నవన్నీ పుటుక్కున పోతాయి. ఎప్పుడూ వెనక ఓబుళప్పే నిలబడతాడు. ఆ రోజు మాత్రం గోడకు చేరగిలబడి, "నా చేతులు తిమ్మిరెక్కినాయి. గంగాధరా, నువ్వు నిలబడప్పా" అన్నాడు.

గంగాధర వచ్చి వెనక నిలబడ్డాడు. శంకరప్ప ముందు కూర్చుని లాగడం మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్యా ఆ పడుగంతా, నిండు నదిలాగా. అతుకులు ఒక మబ్బులాగా పన్నె వైపు కదిలాయి. పళ్ళ సందుల్లోకి దూరుతున్నాయి. శంకరప్ప కళ్ళు చికిలించి చూస్తున్నాడు, లాగుతున్నాడు. అంచు దగ్గర నాలుగైదు పోగులు ఒకదానికొకటి చుట్టుకుని బిగిసిపోవడం, వెనక నుంచి గంగాధరకు కనబడింది. నాకూ కనబడింది. శంకరప్పకు కనబడలేదు. ఆయన చెయ్యి ఆగలేదు.

గంగాధర పెదవి కొరుక్కున్నాడు. నోరు తెరిస్తే ముందు పిలిచింది తానే. పైగా, నాయనకు కనబడలేదని మళ్ళీ అదే మాట, మళ్ళీ పదిమందిలో. పోగులు వీణ తీగల్లాగా బిగిశాయి.

"నాయనా! నిలుపు!"

శంకరప్ప చెయ్యి ఆగిపోయింది. ఆయన వంగి పన్నె మీద వెతికాడు, ఈ పక్కా ఆ పక్కా. వెతికి వెతికి తల ఎత్తకుండానే, "యాడప్పా?" అన్నాడు.

"నీ ఎడమ చేతి పక్క. అంచు కాడ."

శంకరప్ప ఇంకోసారి చూశాడు. తర్వాత వేళ్ళు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "నువ్వే రా. వచ్చి చూడు. నా కంటికి ఆనదు."

ఆ మాట ఆయనే అన్నాడు, మా అందరి ముందూ. గంగాధర ఇవతలికి వచ్చి తండ్రి పక్కన గుంత గట్టు మీద కూర్చుని, చిక్కు విడదీశాడు. ఒక్క పోగు తెగలేదు. తర్వాత వెనక్కి పోయి, "రానీ నాయనా" అన్నాడు. "వస్తాండాది" అన్నాడు ఆయన. "మెల్లగా." "మెల్లగానే లేరా, నీకంటే ముందే నేను మగ్గం చూసినా." "నిలుపు." "నిలిపితి." అట్లా ఆ మాటలతోనే అతుకులన్నీ పన్నె దాటి ఇవతలికి వచ్చాయి. శారదమ్మ లోపలికి పోయి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. మంట బాగానే ఉంది, ఊదడం ఎందుకో నాకు తెలుసు.

ముగింపు ఎవరూ అడగలేదు. ఓబుళప్ప ఉగ్గాని తిని చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు. నేను వెనకే వీధి మలుపు దాకా పోయాను.

"జట్కా స్టేషన్‌కు చేరిందా ఓబుళప్పా?"

ఆయన నిలబడి నన్ను చూశాడు. "రైలు కూసిందక్కా. బొమ్మలోనిదే అనుకుంటి. చూస్తే నాది."

నేను నవ్వాపుకున్నాను.

"ఆ పొద్దు హిందూపురం డేరాలో నేల మీద ఉలిగమ్మ పక్కన కూర్చున్నది నువ్వే కదా?" అన్నాడు. "ఆ రాణి ఏమాయె?"

ఇన్నేళ్ళుగా ఆయనకూ తెలుసన్నమాట, నాకు తెలుసని. "పట్టం కట్టినారు. ఏనుగు మాల వేసింది" అన్నాను. ఆయన తల ఊపి, తువ్వాలు దులుపుకుని పోయాడు.

గంగాధర కంచికి పోలేదు. ఆ చీర సగమయ్యేసరికి డేరా పెనుకొండకు వచ్చింది, ఆ బొమ్మే వచ్చింది. తండ్రీ కొడుకులు కలిసి పోయి చూసి వచ్చారు. మర్నాడు పళ్ళు తోముకోకముందే నేను వాళ్ళ అరుగు మీద ఉన్నాను.

"ఎవరు ముందు మాట్లాడినారు?"

శంకరప్ప నెత్తి గోక్కున్నాడు. "వాన మొదలయ్యేసరికి నాకు నిద్ర పట్టిండాది సుబ్బలక్ష్మమ్మా."

"నువ్వు చూడలేదేంరా?" అన్నాను గంగాధరతో.

"నాయన నా బుజం మీద తల పెట్టినాడు పెద్దమ్మా. నా ముందర డేరా గుంజ. పక్కకు జరిగితే నాయన లేస్తాడని అట్లే కూర్చుంటి. చక్రాల చప్పుడు ఒకటే వినపడినాది."

లోపలికి పోయి ఇద్దరూ గుంతలో దిగారు. నాడెలు మొదలయ్యాయి. నేను ఇంటికి వచ్చి ఉలిగమ్మకు కబురు పెట్టాను, ఆ డేరా తిరిగి హిందూపురం ఎప్పుడు వస్తుందో కనుక్కోమని.